మలెదుకాతో అంటే చదువురానివాడు కాదు: ఇంగ్లీషు అమర్యాద పదాలు, ఇటాలియన్ అభ్యాసకుడు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• అమర్యాదను తెలిపే పదాలకు ఒక భాషనుంచి మరో భాషలోకి నేరుగా సమానార్థకాలు ఎందుకు దొరకవో వివరించగలుగుతారు.
• ఇటాలియన్, ఇంగ్లీషు భాషలు తప్పును ఎక్కడ చూస్తాయో పోల్చి చెప్పగలుగుతారు.
• ద్విభాషా నిఘంటువుల ఉపయోగాన్ని, పరిమితులను విమర్శనాత్మకంగా అంచనా వేయగలుగుతారు.
• ఒక అమర్యాద పదాన్ని వాడే ముందు వేసుకోవలసిన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ఇంగ్లండులోని ఒక హోటల్లో పనిచేస్తున్న ఇటాలియన్ యువకుణ్ణి ఊహించుకోండి. అతిథులందరూ చూస్తుండగానే పై ఉద్యోగి అతనిమీద కేకలు వేశాడు. ఆ యువకుడు యాజమాన్యానికి ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాడు. తన భాషలో అతనికి వెంటనే తోచే మాట ‘మలెదుకాతో’. అందులో ‘మలె’ అంటే చెడుగా. ‘ఎదుకాతో’ చూడటానికీ వినడానికీ ఇంగ్లీషు ‘ఎడ్యుకేటెడ్’ లాగే ఉంది. అందుచేత అతడు ‘నా పై ఉద్యోగి అన్‌ఎడ్యుకేటెడ్’ అని రాసి పంపాడు.

ఆ ఉత్తరం చదివినవారికి ఏమి అర్థమవుతుంది? పై ఉద్యోగి చదువుకోలేదని ఈ కుర్రవాడు వెక్కిరిస్తున్నాడని అర్థమవుతుంది. అతడు చెప్పదలచుకున్నది వేరు. ‘నాతో మర్యాదగా ప్రవర్తించలేదు’ అన్నదే అతని బాధ. అమర్యాదకు గురైన మనిషి రాసిన ఫిర్యాదే అమర్యాదగా తయారైంది. ఇది కల్పించిన ఉదాహరణే. కానీ దీనికి కారణమైన పదసామ్యం కల్పన కాదు.

ఇటాలియన్ మాట్లాడేవారు ఇంగ్లీషులో అమర్యాద పదాలను నేర్చుకునేటప్పుడు ఎదుర్కొనే ఇబ్బందిని ఈ పాఠంలో విమర్శనాత్మకంగా పరిశీలిద్దాం. ఈ ఉదాహరణ మనకెందుకు అని మీకు అనిపించవచ్చు. మీరు కూడా ఇంగ్లీషును నిఘంటువు సాయంతో, మాతృభాష మీదుగా నేర్చుకుంటున్నవారే. మన పొరపాట్లు మన కంటికి ఆనవు. ఇతరుల పొరపాటును కొంచెం దూరంనుంచి చూసినప్పుడు దాని తీరు స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ పాఠం ప్రతిపాదించే విషయం ఒక్కటే. అమర్యాద పదాలు ప్రవర్తనను వర్ణించి ఊరుకోవు. తప్పు ఎక్కడుందో తీర్పు చెబుతాయి. ఆ తీర్పు పెంపకంమీద పడుతుందా, చేసిన పనిమీద పడుతుందా, మాట తీరుమీద పడుతుందా, హోదామీద పడుతుందా అన్నది భాషనుబట్టి మారుతుంది. కాబట్టి పదం అర్థాన్ని మాత్రమే నేర్చుకున్న అభ్యాసకుడు సగమే నేర్చుకున్నట్లు.

2. చదువు వేరు, మర్యాద వేరు

ఇటాలియన్‌లో ‘ఎదుకాత్సియోనె’ అన్న మాటకు నిత్యవ్యవహారంలో ప్రధానమైన అర్థం పెంపకం, దానివల్ల అబ్బిన మర్యాద. బడిలో నేర్చిన చదువును చెప్పడానికి ‘ఇస్త్రుత్సియోనె’ అన్న మరో మాట ఉంది. ‘ఎదుకాతో’ అంటే మర్యాద తెలిసినవాడు, ‘ఇస్త్రుయితో’ అంటే చదువుకున్నవాడు. ‘మలెదుకాతో’ అంటే సరిగా పెంచబడనివాడు, అంటే మర్యాద తెలియనివాడు. ఒక మనిషిని ఈ మాట అన్నప్పుడు అతణ్ణి పెంచిన ఇంటిని కూడా కొంత అన్నట్లే. అందుకే దాని దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఈ భేదం ఇటాలియన్ రాజకీయ చరిత్రలోనూ కనిపిస్తుంది. ఇటలీలో పాఠశాలలను చూసే మంత్రిత్వశాఖ పేరులో చాలాకాలం ‘ఇస్త్రుత్సియోనె’ ఉండేది. 1929లో ఫాసిస్టు ప్రభుత్వం దాన్ని తీసివేసి ‘ఎదుకాత్సియోనె’ను చేర్చింది. పిల్లలకు చదువు చెప్పడంతో తృప్తిపడక వాళ్ళను తానే పెంచి తీర్చిదిద్దుతానని ఆ ప్రభుత్వం చెప్పుకున్నట్లయింది. ఆ పాలన కూలిన తరువాత 1944లో పాత పేరు తిరిగి వచ్చింది. ఇంగ్లీషులోకి అనువదిస్తే రెండు పేర్లకూ ‘ఎడ్యుకేషన్’ అనే రాయవలసి వస్తుంది. అప్పుడు ఈ మార్పు వెనక ఉన్న ఉద్దేశం పాఠకుడికి అందకుండా పోతుంది.

ఇంతకంటే పాత సాక్ష్యం మరొకటి ఉంది. జొవాన్ని దెల్లా కాజా అనే మతాధికారి నలుగురిలో మెలగవలసిన తీరు గురించి రాసిన ‘గలతేయో’ గ్రంథం, ఆయన మరణానంతరం 1558లో వెలువడింది. నలుగురిలో కూర్చుని గోళ్ళు కత్తిరించుకోవడం, ముక్కు చీది రుమాలులోకి చూసుకోవడం, తనకు వచ్చిన కలలను ఇతరులకు విసుగు పుట్టేలా చెప్పడం వంటివాటిని ఆ గ్రంథం తప్పుపట్టింది. ఇటాలియన్‌లో నేటికీ ‘గలతేయో’ అంటే మర్యాదల నియమావళి అనే అర్థం. ఒక పుస్తకం పేరు మామూలు నామవాచకంగా మారిపోయింది.

ఆ గ్రంథంలో బోధించేది ఎవరో గమనించండి. ఒక ముసలివాడు ఒక యువకుడికి చెబుతున్నట్లుగా అది సాగుతుంది. గ్రంథం పూర్తి శీర్షికలో ఆ ముసలివాణ్ణి ‘ఇదియోతా’ అన్నారు. ఆనాడు ఆ మాటకు పాండిత్యం లేనివాడు అని అర్థం. రచయిత స్వయంగా పండితుడు. అయినా మర్యాద నేర్పే గొంతుకను చదువులేని మనిషికి ఇచ్చాడు. మర్యాదకు పాండిత్యం ముందు షరతు కాదన్న భావన ఆ ఎంపికలోనే ఉంది. ఈ గ్రంథాన్ని 1576లో రాబర్ట్ పీటర్సన్ ఇంగ్లీషులోకి అనువదించాడు.

ఇప్పుడు మన భాషకేసి చూడండి. తెలుగులో ‘చదువు’, ‘సంస్కారం’ అని రెండు మాటలున్నాయి. ‘చదువుంది గానీ సంస్కారం లేదు’ అని మనం అంటాం. ఇటాలియన్ కూడా సరిగ్గా ఇదే భేదాన్ని పాటిస్తుంది. అంటే ‘ఎదుకాతో’ను ఇంగ్లీషు ‘ఎడ్యుకేటెడ్’ కంటే మన ‘సంస్కారి’ అన్న మాట బాగా పట్టుకుంటుంది. ఒకే లిపి, ఒకే లాటిన్ మూలం ఉన్న రెండు మాటలు అర్థంలో దూరంగా ఉండటం, ఏ చుట్టరికమూ లేని మాటలు దగ్గరగా ఉండటం ఇక్కడ గుర్తించవలసిన సంగతి.

3. చుట్టాల్లా కనిపించే పదాలు

రూపంలో కలిసి, అర్థంలో విడిపోయే పదజంటలు అమర్యాద విషయంలో చాలానే ఉన్నాయి. కొన్నింటిని చూద్దాం.

ఇంగ్లీషు ‘రూడ్’, ఇటాలియన్ ‘రూదె’: రెండూ లాటిన్ ‘రుదిస్’ నుంచి వచ్చినవే. దాని అర్థం చెక్కని, మలచని, ముడిగా ఉన్న. నేటి ఇంగ్లీషులో ‘రూడ్’ అంటే ముఖ్యంగా అమర్యాదకరమైన. ‘రూడ్ జోక్’ అన్నప్పుడు బూతు అనే ఛాయ కూడా వస్తుంది. ఇటాలియన్ ‘రూదె’ మాత్రం కరకుదనాన్ని చెబుతుంది. పైకి కరకుగా ఉన్నా మనసు మంచిదైన కొండప్రాంతపు మనిషిని ‘రూదె’ అనవచ్చు. అతణ్ణి ఇంగ్లీషులో ‘రూడ్’ అంటే అన్యాయం చేసినట్లే.

‘పొలైట్’, ‘పులీతో’: లాటిన్‌లో మెరుగుపెట్టడాన్ని తెలిపే ఒకే క్రియ వీటికి మూలం. ఇంగ్లీషులో మెరుగు ప్రవర్తనకు చేరింది. ఇటాలియన్‌లో అది శుభ్రతకు చేరింది. ‘పులీతో’ అంటే శుభ్రంగా ఉన్న అని అర్థం.

‘విలన్’, ‘విల్లానో’: పల్లెలోని భూస్వామి ఇంటికి, పొలానికి లాటిన్‌లో ‘విల్లా’ అని పేరు. అక్కడ పనిచేసేవాడి పేరు నుంచి ఈ రెండు మాటలూ పుట్టాయి. ఇంగ్లీషులో ఆ పనివాడు దుర్మార్గుడయ్యాడు. ఇటాలియన్‌లో మోటువాడు, మర్యాద లేనివాడు అయ్యాడు.

‘కాండిసెండింగ్’, ‘కొందిషెందెంతె’: నేటి ఇంగ్లీషులో మొదటిది గట్టి నింద. ఎదుటివాణ్ణి తక్కువచేసి, తాను దిగివచ్చి మాట్లాడుతున్నట్లు ప్రవర్తించేవాణ్ణి అలా అంటారు. ఇటాలియన్ మాటకు సాధారణంగా ఇతరుల కోరికను మన్నించే, పట్టువిడుపులున్న అనే మెతకైన అర్థం ఉంది. ఇంగ్లీషులో కూడా ఒకప్పుడు ఆ మాట మెప్పుగానే చెల్లింది. జేన్ ఆస్టిన్ 1813లో ప్రచురించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవలలో కాలిన్స్ అనే పాత్ర తన పోషకురాలైన లేడీ కేథరిన్‌లోని ఆ గుణాన్ని మనస్ఫూర్తిగా పొగుడుతాడు. రచయిత్రి మాత్రం అతని పొగడ్తను చూసి మనం నవ్వుకునేలా రాసింది. హోదాలో పైవాడు కిందివాడితో కలుపుగోలుగా ఉండటం దయ అనుకున్నంతకాలం అది మెప్పు. అందరూ సమానమే అన్న భావన బలపడిన తరువాత అదే నింద అయింది. పదం మారలేదు, తీర్పు చెప్పే సమాజం మారింది.

చివరిగా ‘బ్రస్క్’. మాటలో మెత్తదనం లేకుండా తెంచినట్లు మాట్లాడటాన్ని చెప్పే ఈ ఇంగ్లీషు మాట ఇటాలియన్ ‘బ్రుస్కో’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇటాలియన్‌లో ‘బ్రుస్కో’ పుల్లటి రుచికి కూడా పేరు. ఈ ఒక్క జంటలో మాత్రం అభ్యాసకుడికి చుట్టరికం నిజంగానే అక్కరకు వస్తుంది.

4. నిఘంటువులు ఎంతవరకు తోడ్పడ్డాయి

ఈ రెండు భాషల మధ్య నిఘంటు నిర్మాణానికి పాత చరిత్ర ఉంది. లండన్‌లో పుట్టిన జాన్ ఫ్లోరియో ఇటలీనుంచి వలసవచ్చిన ప్రొటెస్టెంటు కుటుంబంవాడు. ఆయన ‘ఎ వరల్డ్ ఆఫ్ వర్డ్స్’ అనే ఇటాలియన్–ఇంగ్లీషు నిఘంటువు 1598లో వెలువడింది. ఒక ఇటాలియన్ మాటకు ఎదురుగా అనేక ఇంగ్లీషు మాటలను వరుసగా పేర్చడం ఆయన పద్ధతి. నోట రాని మాటలని వెనుకాడక వాటికీ చోటిచ్చాడు. పదసంపద తెలుసుకోవడానికి ఇది గని వంటిది. కానీ పేర్చిన ఆ మాటల మధ్య తేడా ఏమిటో పాఠకుడు తనంతట తాను తేల్చుకోవాలి. సమృద్ధి ఉంది, వివేచన తక్కువ.

ఫ్లోరియో తరువాత ముఖ్యుడు జుసెప్పె బరెట్టి. 1719లో టురిన్‌లో పుట్టిన ఈ రచయిత 1751లో లండన్ చేరాడు. ముప్పై దాటిన వయసులో ఇంగ్లీషు వాతావరణంలోకి వెళ్ళి, ఆ భాషలో పుస్తకాలు రాయగల స్థాయికి ఎదిగాడు. ఆయన ఇటాలియన్–ఇంగ్లీషు నిఘంటువు 1760లో వచ్చింది. దానికి అంకితవాక్యాలు రాసిచ్చింది సుప్రసిద్ధ నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్. బరెట్టికి మర్యాద–అమర్యాదల చర్చ నిఘంటువుతో ముగియలేదు. శామ్యూల్ షార్ప్ అనే ఇంగ్లీషు యాత్రికుడు ఇటాలియన్ల అలవాట్లను చులకన చేస్తూ రాసిన ఉత్తరాలకు జవాబుగా, ఇటలీ ఆచారవ్యవహారాలను వివరిస్తూ ఆయన 1768లో ఇంగ్లీషులోనే ఒక గ్రంథం ప్రచురించాడు.

ఆ మరుసటి ఏడు, 1769 అక్టోబరులో, లండన్‌లోని హేమార్కెట్ వీధిలో ఒక రాత్రి ఆయనకు ఒక స్త్రీతో గొడవ జరిగింది. కొందరు మగవాళ్ళు ఆయన్ను చుట్టుముట్టి తరిమారు. భయంతో ఆయన పళ్ళు కోసుకునే జేబుకత్తిని విసరగా ఒక వ్యక్తి చనిపోయాడు. ఓల్డ్ బెయిలీ న్యాయస్థానంలో హత్యానేరంపై విచారణ జరిగింది. ఆ గొడవలో తనను ఫ్రెంచివాడని తిట్టారని బరెట్టి చెప్పుకున్నాడు. ఇటాలియన్‌ను పట్టుకుని ఫ్రెంచివాడనడం తిట్టిన వాళ్ళ అజ్ఞానం. కానీ ఆనాటి లండన్ వీధిలో ఆ మాటకు ఎంత విషం ఉందో నిఘంటువులో ‘ఫ్రాన్సు దేశస్థుడు’ అన్న అర్థం చూసినవాడికి తెలియదు.

విదేశీయుడు కాబట్టి సగంమంది విదేశీయులున్న జ్యూరీని కోరుకునే హక్కు ఆయనకు ఉండేది. ఆయన ఆ హక్కును వదులుకుని, తన వాదనను ఇంగ్లీషులో రాసుకుని చదివాడు. జాన్సన్, ఎడ్మండ్ బర్క్, చిత్రకారుడు జాషువా రెనాల్డ్స్, నటుడు డేవిడ్ గారిక్ వంటివారు ఆయన శాంతస్వభావుడని సాక్ష్యమిచ్చారు. న్యాయస్థానం ఆయన్ను నిర్దోషిగా విడిచిపెట్టింది. ఆ విచారణలో రెండు ప్రశ్నలు పక్కపక్కనే నడిచాయని గమనించండి. ఆ రాత్రి అతడు ఏమి చేశాడు అన్నది ఒకటి. అతడు ఎలాంటి మనిషి అన్నది రెండోది. అమర్యాద పదాలన్నీ ఈ రెండు ప్రశ్నల మధ్యనే తిరుగుతాయి.

ఆధునిక ద్విభాషా నిఘంటువులు ‘మలెదుకాతో’కు ఎదురుగా ‘రూడ్’, ‘ఇల్-మేనర్డ్’ వంటి మాటలిస్తాయి. అవి తప్పులు కావు. అయినా ఆ ఇటాలియన్ మాట మనిషిని, అతని పెంపకాన్ని తప్పుపడుతుందనీ, ‘రూడ్’ చాలాసార్లు ఆ క్షణంలో చేసిన పనిని మాత్రమే తప్పుపడుతుందనీ ఆ సమానార్థకాలు చెప్పవు. నిఘంటువు తలుపుదాకా తీసుకువెళుతుంది. లోపలికి అభ్యాసకుడే నడవాలి.

5. ఇంగ్లీషు పదాల అమరిక

ఇంగ్లీషు అమర్యాద పదాలను జాబితాగా బట్టీపట్టడం కంటే, తప్పును అవి ఎక్కడ చూస్తాయన్నదాన్నిబట్టి విడదీయడం మేలు.

(అ) చేసిన పనిని చూసేవి: ‘రూడ్’, ‘ఇంపొలైట్’, ‘డిస్‌కర్టియస్’. వీటిలో ‘రూడ్’ నిత్యం వాడే మాట, బరువైనది కూడా. ‘ఇంపొలైట్’ కొంచెం మెత్తన. ‘డిస్‌కర్టియస్’ అధికారిక ఉత్తరాలకు తగినది. ఇటాలియన్‌లో దానికి చుట్టమైన ‘స్కొర్తేజె’ రోజువారీ మాట. అందుచేత ఇటాలియన్ అభ్యాసకుడికి ‘డిస్‌కర్టియస్’ తేలికగా నోటికి వస్తుంది. మిత్రుడితో టీ తాగుతూ ఆ మాట వాడితే అర్థం సరిపోతుంది, సందర్భం సరిపోదు. లాటిన్ మూలం గల మాటలు ఇటాలియన్‌కు ఇంటి మాటలు, ఇంగ్లీషులో మాత్రం తరచుగా సభలో వాడే మాటలు.

(ఆ) మాట తీరును చూసేవి: ‘కర్ట్’, ‘అబ్రప్ట్’, ‘బ్రస్క్’, ‘బ్లంట్’. ‘కర్ట్’ అంటే ఎదుటివారికి నొప్పి కలిగేంత పొట్టిగా జవాబు చెప్పడం. ఇటాలియన్‌లో దాని చుట్టం ‘కొర్తో’ కేవలం పొడవు తక్కువని చెబుతుంది. ‘బ్లంట్’ విషయం మరీ సున్నితం. దాచకుండా ముఖాన చెప్పేవాడని మెచ్చుకోవడానికీ, నొప్పించేలా చెప్పాడని తప్పుపట్టడానికీ అదే మాట వాడతారు.

(ఇ) హోదాను చూసేవి: ‘చీకీ’, ‘ఇన్సొలెంట్’, ‘ఇంపర్టినెంట్’ ఎక్కువగా పైవాళ్ళు కిందివాళ్ళను, పెద్దలు పిల్లలను అనే మాటలు. ‘బాసీ’, ‘కాండిసెండింగ్’, ‘పేట్రనైజింగ్’ మాత్రం పైనుంచి వచ్చే అమర్యాదకు పేర్లు. విద్యార్థి ఉపాధ్యాయుణ్ణి ‘ఇన్సొలెంట్’ అంటే, ఉపాధ్యాయుడు తన కిందివాడన్నట్లు ధ్వనిస్తుంది. ఆ దిశ తెలియకుండా పదం వాడితే మొత్తం సంబంధమే తలకిందులవుతుంది.

‘చీకీ’ని మరికొంత చూద్దాం. అది ‘చెంప’ అనే అర్థం గల మాటనుంచి వచ్చింది. ఇటాలియన్‌లో దానికి దగ్గరగా కనిపించే ‘స్ఫచ్చాతో’ ముఖం అనే అర్థం గల ‘ఫాచ్చా’ నుంచి వచ్చింది. రెండూ ముఖానికి సంబంధించినవే. బరువు మాత్రం ఒకటి కాదు. అల్లరి చేసిన మనవడిని ఇంగ్లీషు అమ్మమ్మ నవ్వుతూ ‘చీకీ’ అంటుంది. ‘స్ఫచ్చాతో’లో సిగ్గు విడిచాడన్న నింద ఉంటుంది. మన ‘కొంటె’ అన్న మాటకూ ‘సిగ్గులేని’ అన్న మాటకూ ఉన్నంత దూరం వాటి మధ్య ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. ‘ఎదుకాత్సియోనె’, ‘ఇస్త్రుత్సియోనె’ పదాల మధ్య తేడా ఏమిటి?
2. ‘ఇన్సొలెంట్’ అన్న మాటను వాడేటప్పుడు హోదాను ఎందుకు గమనించాలి?

6. ఈ పదాలను ఎవరు తయారుచేశారు?

విమర్శకుడు అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న ఇది. ‘కొర్తేజె’, ‘కర్టియస్’ అన్న మాటలు రాజాస్థానం పేరునుంచి వచ్చాయి. ‘విల్లానో’ పొలం పనివాడి పేరు. ఇంగ్లీషులో మోటువాణ్ణి చెప్పే ‘బూర్’, ‘చర్ల్’ కూడా ఒకప్పుడు పల్లెరైతును, సామాన్యుణ్ణి చెప్పినవే. మర్యాదకు ఆస్థానం, అమర్యాదకు పల్లె అన్న లెక్క ఇందులో ఉంది. మన ‘నాగరికత’లో నగరం ఉంది. మనలో కొందరు ‘పల్లెటూరి బైతు’ అని నోరుజారుతుంటారు. భాషలు వేరైనా, కొలబద్ద చేతబట్టినవాళ్ళు అన్నిచోట్లా పైమెట్టువాళ్ళే.

ఇటాలియన్ సాహిత్యంలో దీనిపై స్పష్టమైన ప్రతిస్పందన ఇన్యాత్సియో సిలోనె రాసిన ‘ఫొంతమారా’ నవల. రచయిత స్విట్జర్లాండులో ప్రవాసంలో ఉండగా 1933లో అది మొదట జర్మన్ అనువాదంగా వెలువడింది. అబ్రుత్సో ప్రాంతపు పేదరైతుల కథ అది. దక్షిణ ఇటలీ పేదరైతును ‘కఫోనె’ అనేవారు. క్రమంగా అది మోటువాడు, మర్యాద తెలియనివాడు అనే తిట్టు అయింది. ఆ మాట తిట్టుగా మారిందని తెలిసే తాను వాడుతున్నాననీ, బాధపడటం సిగ్గుపడవలసిన విషయం కాని రోజు వచ్చినప్పుడు అదే గౌరవవాచకం అవుతుందనీ సిలోనె నవల ముందుమాటలో రాశాడు. ఆయన ఆశించినట్లు జరగలేదు. నేటికీ ఇటాలియన్‌లో ‘కఫోనె’ తిట్టే. అయినా ఆ తిట్టు వెనక ఒక వర్గం చరిత్ర ఉందని ఆ నవల చదివినవారు మరచిపోలేరు.

‘కఫోనె’ను ఇంగ్లీషులో ‘రూడ్’ అని అనువదిస్తే పల్లె పోతుంది, పేదరికం పోతుంది, తీర్పు ఒక్కటే మిగులుతుంది. అనువాదకుడికి ఇది నష్టం. అభ్యాసకుడికి ఇది హెచ్చరిక.

7. తిట్టుమాట లేని అమర్యాద

అమర్యాద పదాలన్నీ నేర్చుకున్నా, ఒక్కటీ వాడకుండానే ఇటాలియన్ అభ్యాసకుడు ఇంగ్లీషులో అమర్యాదగా ధ్వనించవచ్చు. కారణం వ్యాకరణంలో ఉంది. ఇటాలియన్‌లో చనువుకు ‘తు’, గౌరవానికి ‘లేయి’ అనే సర్వనామాలున్నాయి. ఇవి ఎంత లోతైనవంటే, 1938లో ఫాసిస్టు ప్రభుత్వం ‘లేయి’ని వదిలి ‘వోయి’ వాడాలని ప్రచారం చేసినా, ఆ పాలన పోగానే జనం మళ్ళీ ‘లేయి’నే వాడారు. కాఫీ అంగడిలో ‘లేయి’ రూపంలో క్రియను వాడి ‘నాకో కాఫీ ఇస్తారా’ అంటే అది పూర్తి మర్యాద. ఇంగ్లీషు క్రియకు ఆ రూపం లేదు. షేక్‌స్పియర్ కాలంలో ‘దౌ’, ‘యూ’ అనే భేదం ఉండేది. ఆయన ‘ట్వెల్ఫ్త్ నైట్’ నాటకంలో శత్రువును అవమానించడానికి ‘దౌ’ అని పిలవమని ఒక పాత్ర సలహా ఇస్తుంది. ఆ భేదం పోయాక ఇంగ్లీషు మర్యాద ‘ప్లీజ్’, ‘కుడ్’, ‘వుడ్’ వంటి మాటల్లోకి, ప్రశ్నరూపంలోకి చేరింది.

మన పరిస్థితీ అదే. ‘కాఫీ ఇవ్వండి’ అన్నప్పుడు మన గౌరవమంతా చివరి ‘అండి’లో ఉంది. దాన్ని మాటకు మాటగా ఇంగ్లీషులో పెడితే ‘అండి’ రాలిపోయి ఆజ్ఞ మిగులుతుంది. మాట్లాడినవాడు మర్యాదస్థుడే. విన్నవాడు మాత్రం ‘రూడ్’ అనుకుంటాడు. ఇటాలియన్‌కు ‘లేయి’ రాలిపోయినట్లే మనకు ‘అండి’ రాలిపోతుంది.

8. కొన్ని అభ్యంతరాలు

ఈ వాదంపై రావలసిన అభ్యంతరాలను కూడా చూడాలి. మొదటిది, వ్యుత్పత్తి నేటి అర్థానికి రుజువు కాదు. ‘కొర్తేజె’ అనే నేటి ఇటాలియన్ మనసులో రాజాస్థానం ఉండదు. ఇది సరైన అభ్యంతరమే. వ్యుత్పత్తి పదం నడిచివచ్చిన దారిని చూపుతుంది, చేరిన చోటును వాడుకే చూపాలి. రెండోది, ఇంగ్లీషులోనూ పెంపకాన్ని తప్పుపట్టే ‘ఇల్-బ్రెడ్’ ఉంది కదా అన్నది. ఉంది, కానీ నేడు అది పాతవాసన వేసే మాట. ‘మలెదుకాతో’ మాత్రం వీధిలో, బస్సులో, ఇంట్లో రోజూ వినిపిస్తుంది. భేదం ఉండటం, లేకపోవడంలో కాదు, వాడుక మోతాదులో ఉంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. పదాలను చూసి ఇటాలియన్లు ఇలాంటివారు, ఇంగ్లీషువారు అలాంటివారు అని జాతిస్వభావాలు తేల్చకూడదు. బరెట్టి ఆగ్రహించి జవాబు రాసింది అటువంటి తేల్చివేతలకే.

9. అభ్యాసకుడు వేసుకోవలసిన ప్రశ్నలు

ఒక అమర్యాద పదం కొత్తగా ఎదురైనప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఇది మనిషిని అంటుందా, పనిని అంటుందా, మాటను అంటుందా? ఎవరు ఎవరిని అనవచ్చు? నవ్వుతూ అనవచ్చా, అంటే ఇక మాటలు ఆగిపోతాయా? ఇది ఇంటి మాటా, వీధి మాటా, ఉత్తరంలో రాయదగిన మాటా? నిఘంటువుతోపాటు కథల్లో, సంభాషణల్లో, వార్తల్లో ఆ పదం ఎక్కడ కూర్చుందో చూస్తే జవాబులు దొరుకుతాయి.

మొదట్లో చెప్పిన యువకుడు ఈ ప్రశ్నలు వేసుకుని ఉంటే ఏమి రాసేవాడు? పై ఉద్యోగి ఎలాంటి మనిషో తీర్పు చెప్పడం మాని, అతిథుల ముందు తనపై కేకలు వేయడం ‘రూడ్’గా ఉందని రాసేవాడు. అప్పుడు విచారించవలసినది ఒక మనిషి పుట్టుపూర్వోత్తరాలు కాదు, ఒక పని. క్షమాపణకు, సర్దుబాటుకు కూడా అప్పుడే చోటుంటుంది.

10. సంగ్రహం

అమర్యాద పదాలు తప్పు ఎక్కడుందో తీర్పు చెబుతాయి. ఇటాలియన్ ‘మలెదుకాతో’ పెంపకాన్ని చూస్తుంది. ఇంగ్లీషు పదాలు ఎక్కువగా పనిని, మాట తీరును, హోదాను విడివిడిగా చూస్తాయి. రూపసామ్యం అభ్యాసకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది. నిఘంటువులు అవసరమే గానీ చాలవు. అనేక అమర్యాద పదాలు పైమెట్టువారు కిందిమెట్టువారికి పెట్టిన పేర్లు.

ఇటలీలో ఏనాడూ బడికి వెళ్ళని ఒక అవ్వను ఊళ్ళోవాళ్ళు ‘ఎదుకాతీస్సిమ’ అనగలరు. ఎంతో మర్యాదస్థురాలని దాని అర్థం. ఆ మాటను ఇంగ్లీషులో ‘బాగా చదువుకున్నది’ అని మార్చితే అబద్ధమవుతుంది. చదువుకునే అవకాశం ఆలస్యంగా వచ్చినవారు మీలో ఎందరో ఉంటారు. మీ ఇళ్ళలోనూ అటువంటి అవ్వలు ఉండి ఉంటారు. చదువు లేకపోవడానికీ మర్యాద లేకపోవడానికీ ఒకే మాట వాడే అలవాటు ఏ భాషలో కనిపించినా దాన్ని ప్రశ్నించండి. ఈ పాఠం మీకు ఉపయోగపడిందనడానికి అదే గుర్తు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. ‘కఫోనె’ అన్న మాటను ‘రూడ్’ అని అనువదిస్తే కలిగే నష్టం ఏమిటి?
2. ఇటాలియన్ ‘లేయి’, తెలుగు ‘అండి’ ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు ఏమవుతాయి?

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. అమర్యాద పదాలు ప్రవర్తనను వర్ణించి ఊరుకోక తీర్పు చెబుతాయన్న అభిప్రాయాన్ని ఉదాహరణలతో చర్చించండి.
2. ఇటాలియన్–ఇంగ్లీషు నిఘంటు సంప్రదాయంలో ఫ్లోరియో, బరెట్టిల స్థానాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.

II. ఈ ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ‘కాండిసెండింగ్’ అన్న మాట మెప్పునుంచి నిందగా మారిన తీరును వివరించండి.
2. మీ ప్రాంతపు వాడుకలో ఉన్న మూడు అమర్యాద పదాలను తీసుకుని, పాఠంలోని నాలుగు ప్రశ్నలతో పరీక్షించండి.